ఎత్తు లేపిన జీపు

పోలీసు యాక్షన్ అయి రెండు నెలలు. భువనగిరి గుట్ట కింద, పట్నం సడకు పక్కన, ఏసోబు మిస్త్రీ కొట్టం. ఎడ్లను కట్టి ఈడ్చుకొచ్చిన దొర జీపు కొట్టం ముందర నిలబడి ఉంది. దాని కింద వెల్లకిల పడుకున్న ఏసోబుకు పొద్దెక్కిన కొద్దీ ఒళ్లు మండుతోంది. డ్రైవరు సాయిలు కాళ్లు తప్ప అతనికి ఇంకేమీ కనిపించడం లేదు.

"ఇంకొకపారి అను. దొర ఏమన్నడో నీ నోటితోని ఇంకొకపారి అను సాయిలూ."

"నేనన్నదేమున్నది మిస్త్రీ? దొర అన్నదే చెప్తున్న. ఏసోబుకు సుత్తె పట్టుడు తప్ప పని రాదన్నడు."

"పని రాదు?"

"గట్లనే అన్నడు."

"లడాయి నడిచినన్ని దినాలు సికింద్రాబాదు మిలిటరీ కార్ఖానల లారీలు చేసిన చేతులివి. పని రాదా నాకు?"

"నా మీద ఎందుకు ఒర్రుతవ్?"

"మరి ఎవని మీద ఒర్రాలె? నీ కాళ్లే కనవడుతున్నయి నాకు."

"ఒర్రు, ఒర్రు. నిన్న దొర నా మీద ఒర్రిండు, ఇయ్యాల నువ్వు. మళ్ల అదే చప్పుడు మిస్త్రీ. చక్రం గుంతల దిగంగనే కింద ధన్ మని కొడ్తది. నిన్నయితే షాఫ్టు ఇరిగి ఊడి భూమ్మీదనే పడ్డది. సంతకు పోయే ఎడ్లను అడ్డం తిప్పి జీపుకు కట్టినం. ముంగట ఎడ్లు, ఎన్క దొర జీపు. తొవ్వ పొడుగు జనం నవ్వుడు. దొర లోపల కూసోని పండ్లు కొరుకుడు."

"ఇరగది మరి? ముందుగాలనే చెప్పిన గద. ఇంజను, గేరు పెట్టె మీదున్నయి. ఎన్క ఇరుసు కిందున్నది. రెంటికి నడుమ తిరిగేది గీ షాఫ్టు. సక్కగున్న జీపును పట్నం తోలి, స్ప్రింగుల కమాను కట్టలకు ఇరుసుకు నడుమ ఇంతింత కొయ్య మొద్దులు ఇరికించి లేపిచ్చిండు. పెట్టె ఆకాశానికి పోయె, ఇరుసు భూమ్మీదనే ఉండె. షాఫ్టు నిచ్చెన ఏసినట్టు నిలబడ్డది. చక్రం గుంతల పడ్డదంటే ఇరుసు ఇంకింత జారుతది, షాఫ్టు దానెంబడి జారి అడ్డపట్టీని కొడ్తది. కొట్టక ముద్దు పెట్టుకుంటదా?"

"గివన్ని నాకెందుకు చెప్తవ్?"

"మొద్దులు తీసి ఎప్పటి ఎత్తుకు దించితే చప్పుడే ఉండదని చెప్పిన్నా లేదా?"

"పో. నువ్వే పోయి దొరకు చెప్పు దించుమని. జీపు కన్న ముందుగాల నీ తలకాయ దించుతడు."

"మనుషులు దిగలేదని బండిని లేపుకున్నోడు! థూ!"

"మెల్లగ మాట్లాడు. మిలిటరోళ్లు సడకు మీదనే తిరుగుతున్రు."

"అబద్ధమాడుతున్ననా? పోయినేడు దాక దొర ఎదురొస్తె బండ్ల మీదోళ్లు దుంకి, చెప్పులు సంకల పెట్టుకొని నిలబడేటోళ్లు. ఎర్రజెండా సంగం వచ్చినంక ఎవడన్న దిగుతున్నడా?"

"దిగుతలేరు."

"పైగ జీపుల కూసున్న దొరను బండి మీదికెల్లి కిందికి చూస్తున్రు."

"గదే మంట దొరకు. వాళ్లు దిగకుంటే మానె, నేనే వాళ్లకన్న మీద కూసుంట అన్నడు. అయినా నీకు నాకు ఎందుకయ్యా? ఎత్తు ఎత్తే ఉండాలె, చప్పుడు రావద్దు. ఇయ్యాల కాకుంటే—"

"కాకుంటే?"

"ఏం లేదు. పని చూడు."

"కాకుంటే ఏందో చెప్పు సాయిలూ. మాట మింగుతున్నవ్."

"ఏసోబు సంగపోడే, కావాలెనని చెడగొడుతున్నడు, ఇంకొకపారి చెడితే మిలిటరీ కేంపుల అప్పజెప్త అన్నడు దొర."

"నన్నా?"

"నిన్నే."

"కేంపుకు పోయినోళ్లు ఎట్ల తిరిగొస్తున్రో చూస్తనే ఉన్నం గద. పనోనికి ఇచ్చే ఇనాము ఇదా? అగో... ఆ కడియాల కాళ్లెవరియి? నీ ఎన్క ఎవరు నిలబడ్డది?"

"నీ పెండ్లాము కాళ్లు. బయటికి రా."

"నాగులూ! ఎప్పుడొస్తివే? మీ అమ్మకు జరం తగ్గిందా? అమ్మగారింటికి పోతే తిరిగి రావుడే మర్చిపోతివి."

"జరం తగ్గింది. గా ముచ్చట పక్కకు పెట్టు. గీ జీపు ఎవరిది?"

"కనవడ్త లేదా?"

"కనవడుతాంది. గందుకే అడుగుతున్న. దీన్ని బాగు చేస్తున్నదెవరు?"

"నేనే. ఎప్పుడు జేసేది నేనే గద."

"మా రావులకుంటల బాయి కాడ ఆడోళ్లు నా మొగం మీదనే అన్నరు. ఏమే నాగులమ్మా, నీ మొగడు దొర జీపుకు కాళ్లు అతికిస్తున్నడట గదా, గా కాళ్లతోనే గద దొర మా మీదికి వచ్చేది అని. నీళ్లు ముంచకుంట ఒట్టి కుండతోని ఇంటికొచ్చిన. షరమ్ ఉన్నదా నీకు?"

"చెల్లే నాగులమ్మా, జర ఇను—"

"చెల్లె అనకు సాయిలన్నా. మా ఊరోనివని నోరు అలవాటుగ అన్న అంటాంది గని మనసు అంటలేదు. దొర జీపు తోలేటోనికి చెల్లెండ్లు ఉంటరా?"

"తోలకపోతె నా పిల్లలు ఏం తింటరు?"

"మా అమ్మ ఏం తిన్నదో అదే తింటరు. గడీల వెట్టి చేసినన్ని దినాలు గంజి తాగి బతికింది. సంగపోళ్లు రెండెకరాల చెల్క ఇచ్చి, అవ్వా ఇది నీది అంటే, ముసల్ది గా రాత్రి మంచంల పండుకోలే. చేన్లనే పండుకున్నది. ఇప్పుడు దొర మిలిటరోళ్ల ఎన్క తిరిగొచ్చి, గా చెల్క నాది అంటున్నడు."

"నాకు తెల్వదా నాగులూ? నన్నెందుకు తిడ్తవ్?"

"నిన్ను గాక ఎవరిని తిట్టాలె? పట్టాదారు దొరనే సొంతంగ వచ్చి ఏ చేను నీదో చూపెట్టాలె, చూపెడితేనే పట్టిస్తం అన్నడట పోలీసు అమీను. రావులకుంట తొవ్వ పొడుగు సంగపోళ్లు గుంతలు తవ్విన్రు, లారీ పోదు. దొరకు గీ కొంగ కాళ్ల జీపు తప్ప దిక్కు లేదు. నువ్వేమో దీని కింద పండుకొని పానా తిప్పుతున్నవ్."

"నేను తిప్పకుంటే ఇంకొకడు తిప్పుతడు."

"ఇంకొకడు మా అమ్మకు అల్లుడు కాదు."

"తిప్పకుంటే నన్ను కేంపుకు తోలుతడట! అడుగు, గీ సాయిలును అడుగు."

"నిజమా సాయిలన్నా?"

"నిజమే చెల్లె. ఈపారి చప్పుడొస్తే ఏసోబు మెడ మీదికి వస్తది."

"కేంపుకా!"

"ఏమాయె? ఇప్పుడెందుకు తిడ్త లేవ్ నాగులూ? తిట్టు. ఒట్టి కుండ గురించి చెప్పు. మీ అమ్మ చెల్కల జొన్న ఎట్లున్నదో చెప్పు. కంకి గట్టి పడ్డదా? కోతకెప్పుడొస్తది?"

"జొన్న ముచ్చట ఈడెందుకు? ఇనేటోళ్లున్నరు."

"నన్నంటవా చెల్లె? నేను ఇంటే ఏమాయె?"

"నువ్వింటె దొర ఇన్నట్టే. ఏమయ్యో, కేంపుల చస్తవా మరి? ఇరగకుంట ఉండే పని చెయ్యరాదా?"

"చేసిన! ఇరగని పనే చేసిన! గదే నా తలకాయకు ఎక్కుతలేదు. దొర ఎత్తు దించనియ్యడు, సరే. కమానుకు ఇరుసుకు నడుమ ఇనుప ముక్కలు కొట్టి పెట్టిన. ఒక దిక్కు మందం, ఒక దిక్కు పలుచన. అవి పెడితే ఇరుసు మూతి జర మీదికి లేస్తది, గేరు పెట్టె మొగాన చూస్తది. షాఫ్టుకు మెడ నొప్పి తగ్గుతది. గేరు పెట్టె అడ్డపట్టీకి కూడ ముక్కలు పెట్టి దించిన. చెయ్యి పెట్టి చూసిన, రెండు వేళ్లంత సందు. గుంతల దించి మరీ చూసిన, తాకలేదు. మరి ఎట్ల తాకింది? ఎట్ల ఇరిగింది?"

"గుంతలు గట్లున్నయి మిస్త్రీ. మస్తు లోతు. ఇగ లెవ్వు, దొర వచ్చే యాళ్లయితాంది. వేరే షాఫ్టు ఎక్కియ్యి, పోదం."

"ఆగు. నాగులూ, గా అద్దం ముక్క తీసి ఎండల పట్టు. ఎలుతురు కిందికి కొట్టు."

"గిట్లనా?"

"జర ఎడమకు. ఇంక... ఇంక... ఆ. గట్లనే ఉంచు, చెయ్యి కదిలియ్యకు."

"ఏమున్నది మిస్త్రీ అండ్ల? గ్రీజు, మన్ను. లెవ్వు అంటున్న గద."

"సాయిలూ."

"ఆఁ."

"నేను నట్టు బిగిస్తె ఏం చేస్తనో ఎర్కేనా నీకు?"

"బిగిస్తవు. గంతే గద."

"బిగించినంక ఉలితోని ఒక గీత గీస్త. నట్టు మీదికెల్లి బోల్టు మీది దాక, ఒకటే గీత. మా ఉస్తాదు నేర్పిండు. నట్టు గోరంత తిరిగినా గీత రెండు ముక్కలైతది."

"కుదుపులకు వదులైతయి."

"వదులు కాలే. నీ దొర పిడికిలి లెక్క గట్టిగున్నయి. గని గీత ఇరిగింది. నాలుగు నట్లకు నాలుగు ఇరిగినయి. ఎవడో ఇప్పి మళ్ల బిగించిండు."

"పట్నంల... పట్నంల ఎవరన్న చూసిన్రేమో."

"జీపు పట్నం పోయిందా నా కాడికెల్లి పోయినంక?"

"లేదు... పోలే."

"ఇంకొకటి చెప్త, ఇను. ఇనుప ముక్కల మందం దిక్కు నేను ఎన్కకు పెట్టిన. ఇప్పుడు ముంగటికున్నది. ఇరుసు మూతి మీదికి చూడవలసింది భూమి దిక్కు చూస్తాంది. గందుకే షాఫ్టు మెడ ఇరిగింది. ఇనుప ముక్క దానంతటదే తిరిగిందా సాయిలూ? నిద్రల పొర్లిందా?"

"నాకేం తెల్సు?"

"జీపు పండేది యాడ?"

"గడీ కొట్టంల."

"కొట్టం తాళం ఎవని మొలకుంటది?"

"మిస్త్రీ, దొర వస్తడు..."

"తాళం ఎవని మొలకుంటదిరా?"

"నా మొలకే! నా మొలకే ఉంటది! అయితే ఏందిప్పుడు?"

"ఏమయ్యో! జీపు కిందికెల్లి ఎల్లంగనే సుత్తె లేపుతవా, కింద పెట్టు! తలకాయ మీద కొడ్తవా ఏంది, సుత్తె ఇటియ్యి!"

"ఇడువు నాగులూ! వీడు చెయ్యబట్టి నేను పని రానోణ్ని అయిన. సడకు పొడుగున నవ్వులపాలైన. వీడు ముక్కలు తిప్పి పెట్టుడు, దొర నన్ను కేంపుకు తోలుడు! ఎందుకు చేసినవ్రా? నేను నీకేం పాపం చేసిన?"

"కొట్టు. కొట్టు బావా, కొట్టు. గని ఇని కొట్టు. సంగం ఇచ్చింది మీ అత్తకొక్కదానికేనా? మా ఐలేశమన్నకు ఇయ్యలేదా? ఆయన చెల్క మీ అత్త చెల్క గట్టుకు గట్టు. ఎన్నడు భూమున్న మనిషి కాదు మా అన్న. ఊర్ల అందరు జొన్న పెట్టుకున్నరు. కోత కావాలంటే ఇంకొక వారమన్న పడ్తది. గా వారం దాక దొర రావులకుంట పోవద్దు. గంతే. కోసి దాసుకున్నంక భూమి గుంజుకుంటే గుంజుకోని, ఒక్క ఏడు గింజలన్న తింటరు గద. తోలనంటే నన్ను తీసేసి ఇంకొకణ్ని పెట్టుకుంటడు. జీపే చెడిపోతుంటే ఎవడేం చేస్తడు అనుకున్న."

"నాకు చెప్పకపోతివి?"

"చెప్తే చేస్తుంటివా?"

"చెయ్యకపోతుంటి! నేను చేసిన పనిని నేనే చెడగొట్టుకుంటనా?"

"గందుకే చెప్పలే."

"నా మెడ గోసి మీ అన్న చేనుకు కంచె కడ్తివి. బావ అంట, బావ! ఒక్కనాడన్న అనుకున్నవా, వీని పెండ్లాము నా ఊరి ఆడివిల్లనే, రేపు వీడు కేంపుల చస్తే గా పిల్ల బొట్టు ఏమైతదని?"

"అనుకున్న. నిద్ర పోలే."

"నిద్ర పోకుంట నట్లు ఇప్పినవ్!"

"సాయిలన్నా... నిజంగ నువ్వేనా చేసింది?"

"నేనే చెల్లె."

"నేను నిన్ను దొర కుక్క అనుకుంటినే. మరి నువ్వు గట్లయితే ఇటు రా, ఒక మాట చెప్పాలె. ఊర్ల—"

"మాటలు తర్వాత నాగులూ! ఇప్పుడే, వీని కండ్ల ముంగట, ముక్కలు సక్కగ తిప్పి బిగిస్త."

"బిగిస్తే ఇయ్యాలనే ఊరి పంట పోతది బావా."

"బిగియ్యకుంటే నేను పోత."

"ఏమయ్యా, ఇను. నేను చెప్పేది—"

"ఆగవే! ఉండు. ఉండు సాయిలూ. నిజమే చెప్తే ఏమైతది?"

"ఏం నిజం? నేను ఇప్పిన్నని చెప్తవా?"

"నీ పేరెందుకు? నా ముక్కలు పెట్టినా గీ జీపు ఎప్పుడో ఒకనాడు ఇరిగేదే. అదీ నిజం. మొద్దులు తీసి దించాలె, లేకుంటే పట్నంకెల్లి పొడుగు షాఫ్టు రావాలె అని చెప్త. దించుతె చప్పుడు రాదు, నా పూచీ అంట. దించుమంటడా దొర?"

"పాణమన్న ఇస్తడు గని ఎత్తు దిగడు."

"దిగకుంటే తప్పు నాది కాదు. జీపు ఈడనే ఉంటది. పొడుగు షాఫ్టు వచ్చేసరికి—"

"మా అన్న కొడవలి పెట్టుకుంటడు! బావా, నీ నోట్ల చక్కెర పోస్త!"

"చక్కెర పొయ్యకు. ఇది తీరినంక నిన్ను కొట్టేది కొట్టుడే. మరువను."

"కొట్టు. రెండు దెబ్బలు ఎక్కువనే కొట్టు."

"మీరిద్దరు జర నోర్లు మూసి నన్ను మాట్లాడనిస్తరా? నేను చెప్పేది ఇంటే మీకు గీ లొల్లే—"

"చుప్! దొర. నాగులూ, పక్కకు జరుగు."

"ఏమ్రా ఏసోబూ, అయ్యిందా?"

"కాలేదు దొరా."

"బాంచెన్ అనుడు గూడ మర్చినవా?"

"నోట్ల నట్టున్నది దొరా. మాట సక్కగ వస్తలేదు."

"నట్టు ఉమ్మేసి చెప్పు. ఎందుకు కాలేదు?"

"గీ ఎత్తు మీద ఎంత చేసినా నిలువది. షాఫ్టు ఇరుగుతనే ఉంటది. కొయ్య మొద్దులు తీసి ఎప్పటి లెక్క దించాలె. దించితే ఇరగదు, నా పూచీ."

"దించితే?"

"దించితే... మీరు కిందికైతరు. బండ్ల మీదోళ్లు మీకన్న మీదుంటరు."

"గదెట్ల మిస్త్రీ? దొర బండోళ్ల కింద కూసుంటడా? నీకు మతి ఉన్నదా?"

"నువ్వు నోర్ముయ్ సాయిలూ. దించుర ఏసోబూ."

"దొరా?"

"చెవుడొచ్చిందా? దించు. భూమి నా చేతికొచ్చిందంటే బండ్లోళ్లు వాళ్లే దిగుతరు. నేను ఎత్తు ఎక్కే పనే లేదు. ఎంతసేపు పడ్తది?"

"రేపు... రేపు మాపటికి దొరా."

"రేపటి దాక అమీను ఆగడు. జవాన్లు సడకు మీద నిలబడే ఉన్నరు. వద్దు, జీపును ఇక్కడనే మూలుగనియ్యి. నేను నడిచిపోత."

"మీరు నడుసుడా దొరా? రెండు కోసుల తొవ్వ. గుంతలు, రాళ్లు. బాంచెన్, మీ కాళ్లు..."

"ఎందుకురా సాయిలూ అంత భయం? నా కాళ్ల మీద నీకంత ప్రేమ, పావురమా? నువ్వే నా ముంగట నడువు."

"నేనా దొరా?"

"నువ్వే. గడీ కొట్టంల తలుపు మూసుకొని పానా తిప్పుడు మస్తు నేర్చినవట. ఇందాకనే చెప్పిన్రు, చూసినోళ్లు."

"సాయిలుకు పానా పట్టరాదు దొరా. ఎవరో కిట్టనోళ్లు చెప్పి ఉంటరు. ముక్కలు పెట్టింది నేను, తప్పు పోతే నాది—"

"నీ సంగతి తిరిగొచ్చినంక చూస్త ఏసోబూ. సాయిలూ, లే. కాళ్లు ఇడువు నావి. మీ ఐలేశమన్న చేను కాడికెల్లే మొదలు పెడుదం. జొన్న మనిషెత్తు నిలబడ్డదట, మంచిగ కాసిందట. ముందుగాల అదే కోపిచ్చి గడీకి తోలుత. మొత్తం ఊరిదయ్యేదాక నువ్వే దగ్గరుండి చూపెట్టాలె, ఎవని చేను ఏదో. నడువు."

"నడువుండ్రి దొరా, నడువుండ్రి. జర మందం చెప్పులు తొడుక్కొని నడువుండ్రి. ఐలేశమన్న చేన్ల, మా అమ్మ చేన్ల, ఊరి చెల్కలల్ల యాడ అడుగు పెట్టినా కోసిన జొన్న కొయ్యకాళ్లే ఉన్నయి. గట్టి పడే దాక ఆగుతమా? ఊరు ఊరంత కొడవండ్లు పట్టి నిన్న రాత్రికి రాత్రే పచ్చి కంకితోనే కోసుకున్నం. కొత్త కొయ్య గద దొరా, కాలుల దిగితే లోపటనే ఇరుగుతది."